తీరం వల్నరబిలిటీ మ్యాపులో అన్ని గళ్ళూ "మధ్యస్థం" అనే వస్తున్నాయి, లోపం ఎక్కడ?

తీరగీత అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బయటివైపు పగడపు దిబ్బ, దాని వెనక లోతు తక్కువ నీళ్ళలో సముద్రగడ్డి, ఒడ్డు వెంట మడ అడవి. మూడూ ఉన్న తీరం ఇది. వాతావరణ మార్పుకి వీటిలో ఏది, ఎక్కడ ముందు దెబ్బతింటుందో మ్యాపు వేయాలి. పట్టుకున్నది అందరూ వాడే చట్రమే: ఎక్స్‌పోజర్ (మీద పడే వాతావరణ ఒత్తిడి), సెన్సిటివిటీ (ఆ ఒత్తిడికి దెబ్బతినే తీరు), అడాప్టివ్ కెపాసిటీ (తట్టుకుని సర్దుకునే శక్తి). తీరాన్ని కిలోమీటరు గళ్ళుగా విడగొట్టి, గడికి 12 సూచికలు పెట్టి, ఒక్కోదాన్నీ కనిష్ఠం 0, గరిష్ఠం 1 అయ్యేలా సర్ది, అన్నిటికీ కలిపి సగటు తీశాను. నాలుగింట మూడొంతుల గళ్ళు 0.4కీ 0.6కీ మధ్యే పడ్డాయి. మ్యాపంతా ఒకటే రంగు.

చేతిలో ఉన్నవి: 5 కి.మీ. ఉపగ్రహ ఉపరితల ఉష్ణోగ్రతలు, దగ్గరి రేవులోని టైడ్ గేజ్ (సముద్రమట్టం కొలిచే పరికరం) రికార్డు, 30 మీటర్ల గళ్ళ ఎత్తుల మ్యాపు, పడవ మీంచి చేతి మీటరుతో తీసిన పీహెచ్ (నీటి ఆమ్లత కొలత) రీడింగులు.

సగటు తీయడంలోనే తప్పుందా? 5 కి.మీ. ఉష్ణోగ్రత దిబ్బ లోపలి నీళ్ళకు పనికొస్తుందా? మడ అడవికి సముద్రమట్టం పెరుగుదల ఒక్కటి చూస్తే చాలా? పీహెచ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఉప్పుగాలి జవాబు:

ముందు లెక్క సంగతి. 0కీ 1కీ మధ్య సమానంగా పరచుకున్న, ఒకదానితో ఒకటి సంబంధం లేని 12 సంఖ్యల సగటు తీస్తే, దాని ప్రామాణిక విచలనం సుమారు 0.083. అంటే లాటరీ తీసినట్టు ఏ సంఖ్యలు వేసినా 77 శాతం దాకా 0.4–0.6 మధ్యే పడతాయి. మీకొచ్చిన నాలుగింట మూడొంతులు దాదాపు అదే. కాబట్టి మీ మ్యాపు తీరం గురించి ఇంకా ఏమీ చెప్పడం లేదు, సగటు గురించి చెబుతోంది.

కనిష్ఠం–గరిష్ఠం సర్దుబాటు దీన్ని ఇంకా చెడగొడుతుంది. చిన్న తీరంలో గడికీ గడికీ మధ్య ఉష్ణోగ్రత పెరుగుదలలో తేడా దశాబ్దానికి 0.02 డిగ్రీలు ఉంటే గొప్ప. ఆ 0.02ని లాగి 0 నుంచి 1 చేస్తే, ఉపగ్రహం పొరపాటుకే పూర్తి మార్కులు వేసినట్టు. అంతగా మారని సూచికను గళ్ళ మధ్య పోలికలోంచి తీసేయండి. "తీరమంతటికీ ఇదే విలువ" అని విడిగా రాస్తే సరిపోతుంది.

దానికి బదులు, ఒక్కో ఆవాసానికీ అది నిజంగా దేనితో చస్తుందో ఆ ప్రమాద హద్దుని గీతగా కట్టండి. గీతకి ఎంత దూరంలో ఉందో కొలవండి. పగడానికి ఆ గీత డిగ్రీ హీటింగ్ వీక్స్ (మామూలుకన్నా ఎక్కువైన వేడి వారాల తరబడి పోగైన మొత్తం). అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాలోని కోరల్ రీఫ్ వాచ్ వాళ్ళ పద్ధతి ఇది: ఆ చోట పన్నెండు నెలల దీర్ఘకాల సగటుల్లో అత్యధిక నెల సగటు తీసుకోవాలి. రోజువారీ ఉష్ణోగ్రత దానికన్నా కనీసం 1 డిగ్రీ ఎక్కువున్న రోజుల్లోనే ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. గడచిన 84 రోజుల తేడాలు కూడి 7తో భాగించాలి.

వారాల్లో చూపిస్తే: అత్యధిక నెల సగటు 29.0 అనుకుందాం. వరసగా ఐదు వారాలు 29.8, 30.2, 30.5, 31.0, 30.6. మొదటి వారం తేడా 0.8, ఒకటి లోపు కాబట్టి లెక్కలోకి రాదు. మిగతావి 1.2 + 1.5 + 2.0 + 1.6 = 6.3 డిగ్రీ-వారాలు. 4 దాటితే గుర్తించదగ్గ స్థాయిలో తెల్లబారడం (వేడికి పగడం తనలోని నాచును వదిలేసి రంగు కోల్పోవడం), 8 దాటితే తీవ్రంగా తెల్లబారడం, కొన్ని పగడాలు చావడం. 2023 వేడి తర్వాత పాత హెచ్చరిక మెట్లు చాలక నోవా వాటిని ఐదుకు పెంచింది, ఐదోది 20 దగ్గర మొదలవుతుంది.

ఎక్కువమంది తప్పేది అత్యధిక నెల సగటు దగ్గరే. ప్రతి ఏడాదీ అత్యంత వేడి నెల తీసుకుని వాటి సగటు వాడతారు. అది అసలు విలువ కన్నా ఎక్కువ వస్తుంది, వేడి వారాలు తక్కువగా లెక్కకొస్తాయి. రెండోది, ఈమధ్య కొన్నేళ్ళ లాగర్ (నీళ్ళలో ఉంచితే ఉష్ణోగ్రత తనంతట నమోదు చేసే పరికరం) డేటాతో ఆ సగటు కట్టడం. వేడెక్కిన ఏళ్ళనే మామూలు ఏళ్ళుగా పెట్టుకుంటే ప్రమాదం దానంతటదే చిన్నదైపోతుంది. ఆధార రేఖ ఉపగ్రహం దీర్ఘకాల రికార్డు నుంచే తీసుకోండి. లాగర్‌కీ ఉపగ్రహానికీ ఒకే కాలంలో ఉన్న తేడాను విడిగా కట్టి దిద్దండి.

దిబ్బ లోపలికి 5 కి.మీ. గడి ఒక్కటే చాలదు. ఉపగ్రహం చూసేది పైపొర. దిబ్బ వెనక లోతు తక్కువ నీళ్ళు మధ్యాహ్నం బాగా వేడెక్కి రాత్రికి చల్లబడతాయి. అలాంటి చోట వేడి ఎక్కువ కాబట్టి ప్రమాదమూ ఎక్కువే అని తేల్చేయకండి. రోజువారీ హెచ్చుతగ్గులు ఎక్కువున్న దిబ్బల్లో తెల్లబారడం తక్కువగా కనిపించిన పరిశీలనలున్నాయి. ఏ పగడాలున్నాయన్నది కూడా చూడాలి. కొమ్మల ఆక్రోపోరా ముందు పోతుంది, బండలా పెరిగే పోరైటిస్ చాలాసార్లు మిగులుతుంది.

చివరి స్కోరుగా డిగ్రీ-వారాల సగటు పెట్టకండి. 8 దాటిన ఏళ్ళ మధ్య విరామం ఎంత అన్నది పెట్టండి. ప్రపంచవ్యాప్తంగా చూస్తే తీవ్రమైన తెల్లబారడం 1980ల మొదట్లో ఒక దిబ్బకు 25–30 ఏళ్ళకోసారి వచ్చేది, 2016 నాటికి అది సుమారు ఆరేళ్ళకు దిగింది. వేగంగా పెరిగే పగడాలు కోలుకోవడానికే 10–15 ఏళ్ళు పడుతుంది. కోలుకునే కాలం కన్నా విరామం చిన్నదైన గడి ఎర్ర గడే, మిగతా పదకొండు సూచికలు ఏమన్నా సరే.

మడపొద జవాబు:

మడ అడవి ప్రశ్నకి విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ తప్పులన్నీ మిల్లీమీటర్లలో జరుగుతాయి.

మడ అడవికి సముద్రమట్టం ఎంత పెరిగిందన్నది సగం లెక్కే. దాని నేల ఎంత లేచిందన్నది మిగతా సగం. ఒండ్రు పడుతుంది, వేళ్ళు పెరిగి నేలను పైకి నెడతాయి. అదే సమయంలో కిందిపొరలు అణుగుతాయి. ఈ మూడూ కలిపితే తేలేదే నేల ఎత్తులో మార్పు. దాన్ని ఆ తీరం దగ్గరి సాపేక్ష (అక్కడి నేలతో పోల్చి చూసిన) సముద్రమట్టం పెరుగుదలతో పోల్చాలి. ప్రపంచ సగటు 2006–2018 మధ్య ఏడాదికి 3.7 మి.మీ., కానీ డెల్టాల్లో నేల కుంగడం దీనికి కలిసి చాలా ఎక్కువవుతుంది. వేల ఏళ్ళ నాటి ఒండ్రు పొరలు చూసి 2020లో కట్టిన అంచనా ప్రకారం, సాపేక్ష పెరుగుదల ఏడాదికి 6 మి.మీ. దాటితే మడ అడవి నేల దానితో సమానంగా లేవడం దాదాపు అసాధ్యం.

కొలవడానికి రాడ్ సర్ఫేస్ ఎలివేషన్ టేబుల్ అనే పరికరం వాడతారు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని ముక్కలుగా కలుపుకుంటూ, ఇక దిగనని మొరాయించేదాకా నేలలోకి దించాలి. పైన కాంక్రీటుతో బిగించాలి. దాని మీద అడ్డంగా చేయి అమర్చి, నాలుగు దిక్కుల్లో తొమ్మిదేసి పిన్నులు వదిలితే ఒక స్టేషన్‌కి 36 రీడింగులు. పక్కనే 50 సెం.మీ. చదరాల్లో తెల్లటి ఫెల్డ్‌స్పార్ పొడి పరవాలి. తర్వాత ఎప్పుడైనా చిన్న కోర్ (గొట్టంతో తీసే నేల ముక్క) తీస్తే ఆ తెల్ల గీత మీద ఎంత ఒండ్రు చేరిందో తెలుస్తుంది. ఒండ్రు 5 మి.మీ. చేరి, నేల 2 మి.మీ. మాత్రమే లేచిందంటే, కడ్డీ అడుగుకీ ఉపరితలానికీ మధ్య 3 మి.మీ. కుంగిందన్న మాట.

చెడేవి ఇవి. కొలిచేవాళ్ళు పిన్నుల కింద పడే నేలను తొక్కడం. ఒక్క అడుగు చాలు, ఏళ్ళ డేటా పాడవుతుంది, అందుకే మొదటి రోజే చెక్కల నడక దారి వేయాలి. పిన్ను పీత బొరియలోకో గాలివేరు మీదకో పడితే విలువ పక్కన రాసి పెట్టాలి, విశ్లేషణలో దాన్ని వదిలేయాలి. పీతలు ఎక్కువున్న చోట ఫెల్డ్‌స్పార్ గీత తొందరగా చెదిరిపోతుంది. కడ్డీ కొట్టిన వెంటనే తీసిన రీడింగుని మొదటి రీడింగుగా పెట్టకండి, నేల సర్దుకోవడానికి కొన్ని వారాలు వదలండి. ఏటా ఒకే కాలంలో, వీలైతే ఒకే మనిషి కొలవాలి. మూడు నుంచి ఐదేళ్ళ లోపు వచ్చిన వాలుని ధోరణి అనకండి. కడ్డీ అడుగు కన్నా లోతున జరిగే కుంగుదల ఈ పరికరానికి తెలియదు. దానికి నిరంతర జీఎన్ఎస్ఎస్ (ఉపగ్రహాల సాయంతో స్థానం, ఎత్తు కొలిచే) స్టేషన్ కావాలి.

మీ 30 మీటర్ల ఎత్తుల మ్యాపుని మడ అడవి లోపల అసలు వాడకండి. రాడార్‌తో తీసిన ఇలాంటి మ్యాపులు నేలను కాదు, చెట్ల తలలను కొలుస్తాయి. అర మీటరు నీటిమట్టం ప్రశ్నకి మీటర్లలో తప్పున్న మ్యాపు ఏం జవాబిస్తుంది? ఆర్‌టీకే జీఎన్ఎస్ఎస్‌తో (సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలిచే రకం) ఒడ్డుకు అడ్డంగా కొన్ని గీతలు కొలిచి, వాటిని టైడ్ గేజ్ డేటమ్‌తో (మట్టాలు కొలవడానికి పెట్టుకున్న ఆధార స్థాయి) కలపండి. వెనక్కి జరగడానికి చోటుందా అన్నది కూడా ఆ గీతల నుంచే తేలుతుంది. వాలు 500కి 1 అయితే, నీరు 0.5 మీటరు పెరిగినప్పుడు అడవి 250 మీటర్లు వెనక్కి జరగాలి. ఆ 250 మీటర్లలో గట్టో, రోడ్డో, చెరువో ఉంటే అడాప్టివ్ కెపాసిటీ సున్నా. అక్కడ 0.3 వేసి సరిపెట్టుకోవడం కుదరదు.

టైడ్ గేజ్ గురించి: 18.6 ఏళ్ళ చంద్రుడి చక్రం కన్నా చిన్న రికార్డులో వచ్చిన ధోరణిని నమ్మకండి. గేజ్ నిలబడ్డ రేవు గోడే కుంగుతోందేమో కూడా చూసుకోవాలి.

ఇంకొక్కటి. నీరు పెరగడం మాత్రమే ప్రమాదమని సూచిక రాస్తే 2015–16లో ఆస్ట్రేలియా కార్పెంటేరియా సింధుశాఖలో జరిగింది మీ మ్యాపులో ఎప్పటికీ కనపడదు. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరంలో 7,400 హెక్టార్ల మడ అడవి ఎండిపోయింది. ఎల్ నినోతో సముద్రమట్టం కొన్ని నెలలు దిగిపోయి, పోటునీరు అందక, దానికి ఎండ, వానలేమి తోడై జరిగిన నష్టం అది. చెట్లు చచ్చాక వేళ్ళు కుళ్ళి నేల కుంగడం రెండో దెబ్బ. 1998 మిచ్ తుఫాను తర్వాత హోండురాస్ మడల్లో అది ఏడాదికి 11 మి.మీ. దాకా నమోదైంది.

టైట్రేషన్ జవాబు:

పీహెచ్ మీద సూటిగా చెబుతాను: చేతి మీటరు రీడింగులు సూచికలోంచి తీసేయండి.

పారిశ్రామిక యుగం మొదలయ్యాక ఉపరితల సముద్రజలాల పీహెచ్ సగటున 0.1 తగ్గింది. మామూలు మంచినీటి బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూసిన గాజు ఎలక్ట్రోడ్‌కీ, సముద్ర రసాయన శాస్త్రవేత్తలు వాడే పీహెచ్ కొలమానం టోటల్ స్కేల్‌కీ మధ్యే సుమారు 0.13 తేడా ఉంటుంది. అంటే స్కేలు కలగలిపితే వచ్చే పొరపాటు శతాబ్దాల మార్పు కన్నా పెద్దది. దానికి తోడు సముద్రగడ్డి పచ్చికలో పగలు కిరణజన్య సంయోగక్రియతో పీహెచ్ పెరిగి రాత్రి దిగుతుంది, ఆ తేడా ఒక్క రోజులోనే 0.3 దాటొచ్చు. పడవ ఒక గడికి పొద్దున, ఇంకో గడికి మధ్యాహ్నం వెళ్ళుంటే, మీ మ్యాపు చూపించేది పడవ టైంటేబులు.

సరిగ్గా చేయాలంటే మొత్తం క్షారత (నీరు ఆమ్లాన్ని తటస్థం చేయగల శక్తి), మొత్తం కరిగిన అకర్బన కార్బన్ అనే రెండింటినీ కొలిచి, ఉష్ణోగ్రత, లవణీయతతో కలిపి అరగొనైట్ (పగడం తన అస్థిపంజరం కట్టుకునే ఖనిజం) సంతృప్తతను లెక్కగట్టాలి. పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ పీడనం జంటగా తీసుకోకండి. రెండూ ఒకదానితో ఒకటి కదులుతాయి, చిన్న తప్పు జవాబులో పెద్దదవుతుంది. నమూనాకి 250 లేదా 500 మి.లీ. బోరోసిలికేట్ సీసా. అడుగు నుంచి నింపి, బుడగలు లేకుండా పొర్లనివ్వాలి. పైన ఒక శాతం ఖాళీ వదిలి, సంతృప్త మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం ఘనపరిమాణంలో 0.02 నుంచి 0.05 శాతం వేసి గ్రీజు మూతతో బిగించాలి. అది తీవ్రమైన విషం. చేతి తొడుగులు తప్పనిసరి, మిగిలిన ద్రావణం ప్రమాదకర వ్యర్థాల కిందికే పోవాలి. విశ్లేషణలో ప్రతి విడతకీ అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ ప్రయోగశాల ఇచ్చే ప్రామాణిక నమూనా (విలువలు ముందే తెలిసిన నీరు) ఒకటి నడపండి.

నదీముఖం దగ్గర కరిగిన సేంద్రియ పదార్థం కూడా క్షారతలో కలిసి కనపడుతుంది. అక్కడ లెక్కగట్టిన సంతృప్తత అసలు కన్నా బాగున్నట్టు వస్తుంది.

నీటివెలుగు జవాబు:

సముద్రగడ్డి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. దానికి గీత వెలుగు. చాలా జాతులకి ఉపరితల కాంతిలో సగటున 11 శాతం అడుగుకి చేరాలి. నీళ్ళలో రెండు లోతుల్లో కాంతి సెన్సర్లు పెట్టండి. 1 మీటరు దగ్గర 600, 3 మీటర్ల దగ్గర 220 మైక్రోమోల్స్ వచ్చాయనుకోండి. 600ని 220తో భాగించి సహజ సంవర్గమానం తీస్తే 1.0, దాన్ని మధ్య దూరం 2 మీటర్లతో భాగిస్తే క్షీణత గుణకం మీటరుకి 0.5. ఆ నీళ్ళలో 11 శాతం కాంతి 4.4 మీటర్ల దాకా దిగుతుంది. బురద పెరిగి గుణకం 0.6 అయితే హద్దు 3.7 మీటర్లకి వచ్చేస్తుంది. అంటే కాస్త మడ్డి నీళ్ళే 0.7 మీటరు సముద్రమట్టం పెరుగుదలంత పని చేశాయి. నది నుంచి వచ్చే మడ్డిని తగ్గించగలిగే చోట అడాప్టివ్ కెపాసిటీ ఉన్నట్టే.

వేడి ఇందులోకి పక్కదారిన వస్తుంది. నీరు వేడెక్కితే మొక్క శ్వాసక్రియ కిరణజన్య సంయోగక్రియ కన్నా వేగంగా పెరుగుతుంది. నిన్న 11 శాతంతో బతికిన మొక్కకి రేపు అది చాలదు. రాత్రి ఆక్సిజన్ పడిపోతే అడుగు బురదలోని సల్ఫైడ్ వేళ్ళలోకి దూరుతుంది. వేడి, మడ్డినీళ్ళు ఒకేసారి వస్తే ఏమవుతుందో 2011లో పశ్చిమ ఆస్ట్రేలియా షార్క్ బేలో తెలిసింది. అక్కడి సముద్రగడ్డిలో మూడో వంతుకు పైగా దెబ్బతింది. కాబట్టి ఈ రెంటినీ కూడకండి, కలిసొచ్చిన రోజులు లెక్కపెట్టండి. వేడి రోజులకి మెరైన్ హీట్‌వేవ్ నిర్వచనం వాడొచ్చు: ఆ తేదీకి ఉన్న 90వ పర్సంటైల్ పైన వరసగా 5 రోజులు, మధ్యలో 2 రోజుల లోపు తెగితే ఒకటే ఘటన, ఆధారం 30 ఏళ్ళు.

సెన్సర్ మీద నాచు పడితే నీళ్ళు మడ్డిగా ఉన్నట్టే రీడింగు వస్తుంది. వైపర్ లేని సెన్సర్ అయితే వారం వారం తుడవాలి, తుడిచే ముందూ తర్వాతా రీడింగు రాసుకోవాలి.

తీరగీత:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఆవాసానికో గీత పెట్టుకుంటే మూడింటినీ ఒకే మ్యాపులో ఎలా చూపించాలి? కొందరు గుణించి వర్గమూలం తీసే కోస్టల్ వల్నరబిలిటీ ఇండెక్స్ వాడమంటున్నారు. రెండోది, ముందు లాగర్లు మాత్రమే పెట్టగలను. వాటికి ఏం జాగ్రత్తలు?

ఉప్పుగాలి:

ఆ ఇండెక్స్‌లో ఉన్నవి భూస్వరూపం, తీరం వాలు, సాపేక్ష సముద్రమట్టం, ఒడ్డు కోత, ఆటుపోట్ల తేడా, అలల ఎత్తు. ఆరింటికీ 1 నుంచి 5 ర్యాంకులిచ్చి, గుణించి, 6తో భాగించి, వర్గమూలం తీస్తారు. 0.41 నుంచి 51 దాకా వస్తుంది. ఒడ్డు భౌతికంగా ఎంత కదులుతుందో చెప్పడానికి మంచిదే. పగడం, గడ్డి అందులో లేవు. బురద తీరమంటే దానికి బలహీనమైన తీరం, మడ అడవికి అదే ఇల్లు.

నా సలహా: గడికి మూడు ఆవాసాల్లో ఏది గీతకి దగ్గరగా ఉందో, ఏ కారణంతో ఉందో, ఆ రెండే మ్యాపులో వేయండి. రంగు తీవ్రతకి, గుర్తు కారణానికి.

మడపొద:

దీనితో సగమే ఏకీభవిస్తాను. గడి గడికీ విడిగా చూస్తే పక్క గడి ఆసరా కనపడదు. పగడపు దిబ్బలు అలల శక్తిలో సగటున 97 శాతం తగ్గిస్తాయని 2014లో ఒక అంచనా వచ్చింది. దిబ్బ చచ్చి అరిగిపోతే వెనకున్న గడ్డికీ మడకీ గీతే మారిపోతుంది. అందుకే రెండో మ్యాపు ఒకటి వేయండి: దిబ్బ పోయిందనుకుని, అలలు పెంచి, గడ్డి, మడ లెక్క మళ్ళీ కట్టండి. రెండు మ్యాపుల మధ్య ఎక్కువ మారిన గళ్ళే అసలు చూడాల్సినవి.

మరో హెచ్చరిక. 2014 నుంచి ఐపీసీసీ (ఐక్యరాజ్య సమితి వాతావరణ మార్పుల సంఘం) నివేదికల్లో ఎక్స్‌పోజర్ అంటే ప్రమాదం ఉన్న చోట జీవులూ ఆస్తులూ ఉండటం. ముందటి నివేదికల్లో అదే మాట వేడి, నీటిమట్టం లాంటి వాతావరణ ఒత్తిడికి వాడేవాళ్ళు. మీరు ఎక్స్‌పోజర్, సెన్సిటివిటీ, అడాప్టివ్ కెపాసిటీ అంటున్నారు కాబట్టి పాత చట్రంలో ఉన్నారు. కొత్త పేపర్లలోంచి సూచికలు తెచ్చుకుంటే వేడి ఒకసారి హజార్డ్‌గా (హాని చేసే ఘటన), ఇంకోసారి ఎక్స్‌పోజర్‌గా రెండుసార్లు పడుతుంది.

నీటివెలుగు:

లాగర్లకి: పెట్టే ముందూ తీశాకా ఐసు ముక్కలూ నీళ్ళూ కలిపిన తొట్టిలో ముంచి 0 డిగ్రీలు చూపిస్తోందో లేదో రాసుకోండి. లోతు తక్కువ చోట ఎండ నేరుగా పడితే లాగర్ నీటిని కాక తన ఒంటి వేడినే కొలుస్తుంది. రంధ్రాలున్న తెల్లటి పీవీసీ గొట్టంలో, నీరు ఆడేలా పెట్టండి. విరామం 15 నుంచి 30 నిమిషాలు. గడియారాలన్నీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం). ఒక్కో చోట రెండేసి, దిబ్బ బయటి వాలు మీద ఒక జత, వెనక లోతు తక్కువ నీళ్ళలో ఒక జత, గడ్డిలో ఒక జత. కట్టడానికి నైలాన్ టైలు వాడితే అలలకి తెగిపోతాయి, పూత ఉన్న స్టీలు తీగతో చచ్చిన రాతికి బిగించండి, బతికున్న పగడానికి కాదు. ఆటు వేళ లాగర్ నీటి బయటికి తేలే చోట గాలి ఉష్ణోగ్రత కూడా రికార్డులో కలుస్తుంది. పక్కన ఒక ప్రెజర్ లాగర్ (నీటి ఒత్తిడిని బట్టి లోతు నమోదు చేసేది) ఉంటే ఆ గంటలు ఏరి తీసేయొచ్చు.